అచియా చెప్పిన అర్థం

మా చర్చి సంఘంలో ఆత్మావేశంతో అన్యభాషల్లో మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టర్ అమోఫా మైకు పట్టుకుని "అగ్ని!" అన్నాడంటే చాలు, మా కుమాసీ ఊళ్ళో కలప మార్కెట్ వెనకున్న మా రేకుల షెడ్డు దద్దరిల్లిపోతుంది. ఆ భాషలకు అర్థం చెప్పే వరం మాత్రం ఒక్కరికే ఉంది. ఆ ఒక్కరూ నా భార్య అచియా. పొకువా అవ్వ తనకే తెలియని భాషలో గొంతెత్తి పలికి ఆగగానే, షెడ్డంతా నోరు మూసుకుని మా ఆవిడ వైపు తిరుగుతుంది. అప్పుడామె ఏం చెబితే అది దేవుడు చెప్పినట్టే. ఇంట్లో ఆమె ప్రతి మాటకూ ఎదురు చెప్పే నేను అక్కడ మాత్రం కిక్కురుమనను. ట్రోట్రో వ్యాను నడుపుకునేవాణ్ణి, దేవుడితో పేచీ నాకెందుకు?

అచియా చెల్లెలు అబ్రఫి మా ఇంట్లోనే పెరిగింది. తల్లి పోయేనాటికి అది ఇంకా పాలు మరవని పిల్ల. మాకు పిల్లలు లేరు. అచియా దాన్ని వీపున కట్టుకునే మార్కెట్లో టొమాటోలు అమ్మింది, ఆ టొమాటోలతోనే నర్సు చదువు చెప్పించింది. చదువయ్యాక సర్కారు ఉద్యోగం కోసం అబ్రఫి ఏళ్ళ తరబడి కాచుకుంది. ఎట్టకేలకు ఈ నెల కబురొచ్చింది, ఎక్కడో ఉత్తరాన బోల్గటాంగా ఆసుపత్రిలో. నెలాఖరులోగా వెళ్ళి చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది. ఆ కబురు విన్న రోజు మా ఆవిడ ఫుఫూ ముద్ద కంచంలోనే వదిలేసింది. "అంత దూరమా" అని మాత్రం అంది.

ఆ శుక్రవారం పొకువా అవ్వ పలికింది. అచియా లేచి, కళ్ళు మూసుకుని అర్థం చెప్పింది.

"ప్రభువు ఇలా అంటున్నాడు. ఉత్తరాన నా కూతురి కోసం గొయ్యి తవ్వి ఉంది. నా కూతురు ఈ ఊరు దాటకూడదు."

అబ్రఫి సిమెంటు నేల మీద బోర్లా పడి ఏడ్చింది. లేచాక, దేవుడు తనను చావు నుంచి తప్పించాడని అందరి ముందూ సాక్ష్యం చెప్పింది. చప్పట్లే చప్పట్లు. మర్నాటి నుంచి అక్క పక్కన టొమాటో బుట్టల దగ్గర కూర్చుంది. ఏడుస్తూ కూర్చున్నా బాగుండేది. నవ్వుతూ, పాటలు పాడుకుంటూ కూర్చుంది.

ఒక పొద్దున అచియా బట్టలు పిండుతూ అంది, "ఏమయ్యా, ఆ రోజు నాకేమీ వినపడలేదు."

"ఏ రోజు?"

"అవ్వ పలికిన రోజు. మామూలుగా మాట దానంతటదే వస్తుంది. ఆ రోజు రాలేదు. అబ్రఫి వెళ్ళిపోతుందన్న దిగులు తప్ప నాలో ఇంకేం లేదు. ఆ గొయ్యి మాట నాదే."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకేం పోయేకాలమే? దేవుడి పేరు పెట్టి ఆ పిల్ల నోట్లో మన్ను కొడతావా?"

"తిట్టు. నేనూ అదే తిట్టుకుంటున్నా. తిండి సయించట్లేదు, ప్రార్థనకి మోకాళ్ళేస్తే సిగ్గుతో చచ్చిపోతున్నా."

"నాకు చెప్పి ఏం లాభం? దానికి చెప్పు."

నా ఎదుటే చెప్పింది. చెల్లెలి రెండు చేతులూ పట్టుకుని, ఏమీ దాచకుండా చెప్పింది. అబ్రఫి కోప్పడుతుందనుకున్నాను. అది జాలిగా చూసింది.

"నాకు తెలుసక్కా. పాస్టరుగారు ముందే హెచ్చరించారు. దేవుడి మాట వచ్చాక దాన్ని ఎత్తుకుపోవడానికి సాతాను మనకి బాగా కావలసినవాళ్ళ నోట్లోనే దూరతాడట. నువ్వేం భయపడకు."

"ఒసే, మీ అక్క చెప్పింది నిజమేనే!" అన్నాను నేను.

"నువ్వూరుకో బావా. ప్రార్థనలో గురకపెట్టేవాడివి, నీకేం తెలుసు?"

అని, అక్క తల మీద చెయ్యి పెట్టి, "విడిచిపో! యేసు నామంలో విడిచిపో!" అంటూ సాతానును వెళ్ళగొట్టడం మొదలుపెట్టింది. తాను పెంచిన పిల్ల చేతి కింద అచియా తల వంచుకుని కూర్చుంది. ఆ అవస్థ చూసి నా కోపం సగం చల్లారింది.

నెలాఖరు ముందరి శుక్రవారం వచ్చింది. "ఇవాళ సంఘం ముందు మోకరించి చెప్పేస్తా" అంది అచియా దారిలో. సరేనన్నాను.

అవ్వ పలికి ఆగింది. షెడ్డంతా తిరిగి చూసింది. అబ్రఫి ముందు వరసలో అరచేతులు చాపి నిలబడింది. అచియా లేచి "నేను..." అనగానే "ఆమెన్!" అని అందరూ అరిచారు. ఆమె చెల్లెల్ని చూసింది. ఇప్పుడు నిజం చెబితే అది మళ్ళీ సాతానునే వెళ్ళగొడుతుంది, నెల గడిచిపోతుంది. ఆ సంగతి నాకు వెనక బల్ల మీదే అర్థమైంది. అచియా కళ్ళు మూసుకుంది.

"ప్రభువు ఇలా అంటున్నాడు. ఆ గొయ్యి నేను పూడ్చేశాను. కూతురా, లే. ఉత్తరానికి వెళ్ళు."

హల్లెలూయలతో రేకులు అదిరిపోయాయి. అబ్రఫి ఎగిరి గంతేసింది. ఆ గోలలో ఏడుస్తున్నది మా ఆవిడ ఒక్కతే. పరిశుద్ధాత్మ కుమ్మరింపు అనుకున్నారందరూ.

అబ్రఫిని ఉత్తరానికి వెళ్ళే బస్సు ఎక్కించడానికి స్టేషనుకు వెళ్ళాం. కిటికీలోంచి దారిలో తినడానికి మొక్కజొన్న కెంకీ పొట్లాలు అందుకుంటూ అబ్రఫి అక్క చెయ్యి పట్టుకుంది.

"చూశావా అక్కా? ఆ రోజు ఇంట్లో సాతాను నీ నోట అబద్ధం పలికించాడు. దేవుడు ఊరుకున్నాడా? సంఘంలో ఆ నోటితోనే నిజం చెప్పించాడు. బోల్గటాంగా సంఘంలో నా మొదటి సాక్ష్యం ఇదే."

"జాగ్రత్తగా వెళ్ళమ్మా" అంది అచియా.

బస్సు కదిలింది. నీళ్ళ పొట్లాలమ్మే ఆడవాళ్ళు దాని వెంట పరుగెత్తారు. దుమ్ము అణిగేదాకా మా ఆవిడ అక్కడే నిలబడింది.

"పోనీలే, పిల్ల ఉద్యోగం దక్కింది" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఈ నెలంతా నేను దానికి నిజం చెప్పింది ఒక్కసారేనయ్యా" అంది అచియా. "అది దానికి సాతాను మాట అయింది."