చేదెక్కిన విత్తనకాయ

చెల్లెలి పెరటి నుంచి తెప్పించి నాలుక మీద పెట్టుకున్న సొరకాయ ముక్కను అండాలు తుపుక్కున ఉమ్మేసింది. అది కూరగాయ చేదు కాదు, విషం.

తొర్రూరులో చెల్లెలు తిరుమల రెండు రోజులుగా దవాఖానలో నెత్తురు కక్కుకుంటున్నది. షుగరు తగ్గుతుందని తన పెరటి తీగకు కాసిన సొరకాయ పచ్చి రసం తాగింది. చేదుగా ఉంటే మందు గట్టిదనుకుని గ్లాసు ఖాళీ చేసింది. ఆ తీగకు విత్తనం పంపింది అండాలే. అమ్మ ఇచ్చిన విత్తనం. ముప్పై ఏళ్లలో లింగాల ఘనపూర్‌లోని ఆమె పందిరికి ఒక్క చేదు కాయ కాయలేదు.

తిరుమల బతికి ఇల్లు చేరిన మర్నాడు, ఆ తీగ ఆకులు పరీక్షకు తీసుకెళ్లిన వ్యవసాయ శాస్త్రవేత్త అలేఖ్య అండాలు ఇంటికి మళ్లీ వచ్చింది.

"విత్తనం కల్తీ కాలే పెద్దమ్మా."

"మరి చేదెక్కడిది బిడ్డా?"

"పురుగు తినకుండ చేదు చేసుకునే గుణం ప్రతి సొర మొక్కల ఉంటది. సుఖంగ పెరిగితే దాని మీద మూత పడి ఉంటది. నీళ్లు లేక, పురుగు కొరికి సావుదాకా పోతే మూత ఊడుతది. ఒక్కోసారి ఆ తీగ విత్తనంల గూడ మూత లేకుండనే వస్తది. పోయినేడు ఈ విత్తనమిచ్చిన తల్లితీగ గోస పడ్డదా?"

"గోసేంది? బిడ్డ కాన్పుకని భూపాలపల్లిల నెల రోజులున్న. మా తమ్ముడు రోజు నీళ్లు పోసిండు."

గడప మీద కూర్చున్న తమ్ముడు సోమనర్సయ్య తల ఎత్తలేదు.

"విత్తనకాయ రుచి చూసినవా?"

"విత్తనకాయను ఎంగిలి చేస్తరా ఎవలన్న?"

"అయితే ఉన్న విత్తనమంతా కాల్చెయ్యాలె, పెద్దమ్మా."

అండాలు గోడకు వేలాడుతున్న, విత్తనాలు దాచిన ఎండు సొరబుర్రను దించింది. "నా చేతులతోనే చెల్లెకు విషం పంపిన" అంటూ పొయ్యి వైపు నడిచింది. సోమనర్సయ్య లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నీ చేతులు కావక్కా, నావి. నువ్వు పోయిన వారానికే మోటరు కాలింది. బిందెతోని మోద్దామంటే, మొగోడు నెత్తిన బిందె పెట్టుకుంటడా అని వాడకట్టోళ్లు నవ్విన్రు. పదిహేను రోజులు సుక్క నీళ్లు పొయ్యలే. పెంకుపురుగు ఆకులను జల్లెడ చేసింది. నువ్వొస్తున్నవని తెల్సినంక ఆ ఆకులు తెంపేసి నీళ్లు పోసిన, మళ్ల చిగురించింది. రోజు పోసిన అని నీతోని అబద్ధమాడిన. విత్తనకాయ పక్క కాయను కోసి నాకిన. చేదు. విత్తనకాయను ఎవ్వలు నాకరు గద, తెల్వదులే అనుకున్న. తిరుమలకు నువ్వు పొట్లం కడుతుంటే దారం అందించింది నేనే, అక్కా. అప్పుడన్న చెప్పాల్సింది. చెప్పలే."