అత్తగారి దిమ్మ

అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. ఏం ఉత్తమమో ఏమో, ఈ ల్యాబులో స్లైడ్ల కోసం పల్చటి పొరలు కోసే కోడలికి మాత్రం అత్త పోయినా వదల్లేదు. రోజూ పొద్దున్నే కనిపిస్తుంది.

లాలాజల గ్రంథి ముక్కలకు రంగు వేసినప్పుడల్లా, రంగు సరిగ్గా పట్టిందో లేదో పోల్చుకోవడానికి పాత ముక్క ఒకటి పక్కన పెడతారు. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైనంలో పొదిగి దాచిన పాత దిమ్మల్లోంచి ఒకటి ఏరింది కోడలే. దాని నాళాల గోడల్లో, తల మీద కుంచెలాంటి కొస ఉన్న అరుదైన కణాలు స్పష్టంగా కనిపించాయి. నాలుక మీద రుచి పట్టే కణాలకు దాయాదులట. "భలే దిమ్మ పట్టావే," అని ల్యాబు డాక్టరమ్మ మెచ్చుకుంది. ఆ మురిపెంలో రిజిస్టరు చూడాలని తోచలేదు మహాతల్లికి. నెల తర్వాత చూస్తే ఆ దిమ్మ నంబరు ఎదురుగా అత్తగారి పేరుంది. దవడ కింద గడ్డ తీసినప్పటి ముక్క అది. ఆ తర్వాత మూడు నెలలకే ఆవిడ పోయింది.

చివరి రెండేళ్లూ ఆవిడది ఒకటే పాట: "చేదుగా ఉందే అమ్మాయ్." మంచినీళ్లు కూడా చేదే అనేది. వంక లేనమ్మ డొంక పట్టుకు వేలాడిందట అని కోడలు మొహమ్మీదే అనేసింది.

ఇప్పుడు మైక్రోస్కోపు మీద కన్ను పెడితే చాలు, కోడలి నోరే చేదెక్కుతోంది. ఎన్నిసార్లు పుక్కిలించినా పోదు. దిమ్మ మార్చేద్దామంటే చెయ్యి రాదు. ఆ కణాలకీ చేదుకీ సంబంధం లేదని, అత్త మాట ఉత్తదేనని ఎవరైనా ఒక్క మాటంటే బాగుండు, తప్పు తనది కాదని గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంటుంది. దిమ్మ అడుగంటబోయే రోజున ఉండబట్టలేక డాక్టరమ్మకి అంతా చెప్పేసింది.

"ఆ చేదు వీటివల్లేనా మేడమ్?"

"చెప్పలేనమ్మా. ఇవి అక్కడేం చేస్తాయో నాకూ పూర్తిగా తెలీదు. కానీ రెండేళ్లు చేదన్న మనిషిని ఒక్కసారైనా ఎవరికైనా చూపించాల్సింది. గడ్డ చిన్నగా ఉండగానే దొరికేదేమో. ఎవరూ తీసుకెళ్లలేదా?"

"మా ఆయన బయల్దేరాడు. చెప్పులు కూడా వేసుకున్నాడు. అవన్నీ వేషాలని నేనే ఆపాను."

డాక్టరమ్మ మైక్రోస్కోపు కింద స్లైడు తీసి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా, "రేపటికి వేరే దిమ్మ తీసుకో," అంది.

"ఇంకా నాలుగు పొరలొస్తాయి మేడమ్," అని కోడలు మళ్లీ కత్తి ముందు కూర్చుంది.