డాబా మీద పడవ

తుఫాను షెల్టర్ నుంచి తిరిగొచ్చేసరికి మా వీధిలో నిలబడి ఉన్నది ఒక్క మా అమ్మ ఇల్లే. దాని డాబా మీద మా ఆయన పడవ దర్జాగా కూర్చుని ఉంది. కెరటం దాన్ని అక్కడికి ఎలా ఎత్తిందో గానీ, మిగతా పడవలన్నీ పుల్లలైపోతే ఇది మాత్రం ఒక పక్క చిల్లుతో సరిపెట్టుకుంది. ఇళ్లు పోయి ఏడుస్తున్నవాళ్లు కూడా దాన్ని చూసి నవ్వారు. అల్లుడు రానంటే పడవే ఇల్లరికం వచ్చిందని ఎవరో అన్నారు.

నవ్వక ఏం చేస్తారు? మా అమ్మకీ మా ఆయనకీ మూడేళ్లుగా మాటల్లేవు. ఆయన చేపలు పడతాడు, అమ్మ అమ్ముతుంది. ఒకరోజు సంతలో పదిమంది ముందు ఆయన బుట్టలో చెయ్యి పెట్టి, ఇవి నిన్నటివని తేల్చేసింది. ఇక మీ గుమ్మం తొక్కితే ఒట్టు అన్నాడాయన. తొక్కకపోతే గుమ్మం అరగకుండా ఉంటుందంది అమ్మ. నిజం చెప్పాలంటే అవి నిన్నటివే. ఆ ముక్క ఆయన దగ్గర అనే ధైర్యం నాకిప్పటికీ లేదు.

మా ఇల్లు సముద్రంలో కలిసిపోయింది కాబట్టి నేనూ పిల్లలూ అమ్మ దగ్గరే చేరాం. పక్కిళ్లవాళ్లూ అక్కడే. మా ఆయన మాత్రం పక్కగోడకి నిచ్చెన వేసుకుని డాబా ఎక్కాడు. ఇదేం పనని అడిగాను.

"గుమ్మం తొక్కనన్నాను గానీ డాబా ఎక్కనన్నానా?" అన్నాడు.

ఇక పగలంతా పడవకి మరమ్మతు, చీకటి పడితే అందులోనే పడక. కంచం పట్టుకుని నిచ్చెన ఎక్కీ దిగీ నా మోకాళ్లు పోయాయి. ఆ కంచంలో అమ్మ అందరికంటే ఎక్కువ అన్నం పెట్టేది. ఎందుకమ్మా అంటే, పైన పడవకి కూడా ఆకలేస్తుందేమోనంది. ఇద్దరూ ఇద్దరే. మధ్యలో నలిగి చచ్చింది నేను.

అసలు చిక్కు చెక్క దగ్గర వచ్చింది. చిల్లు మూయాలంటే గట్టి చెక్క కావాలి. వీధిలో ఉన్నదంతా తుఫాను పట్టుకుపోయింది. వడ్రంగి తాత పడవ చుట్టూ తిరిగి, కిందికి దిగి, అమ్మ ఇంటి తలుపును చేత్తో నిమిరాడు. ఇలాంటిది దొరికితే చాలన్నాడు. అమ్మ తాత చెయ్యి తీసి పక్కన పెట్టింది. ఆ తలుపూ గుమ్మమూ ఆవిడ ప్రాణం. ఎక్కడో పెద్ద మేడ పడగొడుతుంటే కొని, బండి వెనకాలే నడిచి ఇంటికి తెచ్చుకుంది. రోజూ పొద్దున్నే నూనెగుడ్డతో తుడుస్తుంది. చిన్నప్పుడు నా తలకి కూడా అంత నూనె పెట్టలేదు.

అడిగితే ఇస్తుందని నాకు ఆశ. అమ్మ కూడా అదే అంది, గుమ్మం దాకా వచ్చి ఒక్క మాట అడగమను అని. ఆ మాట పైకి మోసుకెళ్తే, ఆయన సుత్తి దించకుండానే తల అడ్డంగా ఊపాడు. ఈలోగా పట్నం నుంచి ఒక మేస్త్రీ వచ్చి, మగవాళ్లను కూలి పనికి తీసుకెళ్లడానికి లారీ పంపుతానని చెప్పి వెళ్లాడు. పడవ కదలకపోతే లారీ ఎక్కడం తప్ప దారి లేదన్నాడు మా ఆయన. అలా లారీ ఎక్కినవాళ్లు మళ్లీ వల పట్టడం నేనెప్పుడూ చూడలేదు. పిల్లలకి నాన్న ఎప్పుడో వచ్చిపోయే చుట్టమైపోతాడు.

లారీ వస్తుందన్న రోజుకి ముందురోజు సాయంత్రం వాన పట్టుకుంది. తుఫానుకి డాబా పగుళ్లిచ్చి, వానొచ్చినప్పుడల్లా పిల్లలు పడుకునే చోట కురిసేది. అమ్మ అలవాటుగా అక్కడ తపేలా పెట్టింది. వాన వెలిసింది గానీ తపేలాలో చుక్క లేదు. అమ్మ కప్పు వైపు చూసింది, తపేలాలోకి చూసింది, మళ్లీ కప్పు వైపు చూసింది.

తెల్లారగానే చీర ఎగదోపి నిచ్చెన ఎక్కింది. వెనకే నేనూ ఎక్కాను. మా ఆయన బట్టలు మూట కట్టుకుంటున్నాడు. డాబా మీద పగుళ్ల వెంట నల్లగా తారు పూసి ఉంది. పడవ చెక్కల సందుల్లో పట్టించాల్సిన తారది. ఒక్క పగులు వదల్లేదు. అమ్మ ఆయన్ను పలకరించలేదు. డబ్బాలో ఇంకెంత ఉందని నన్నడిగింది. డబ్బా బోర్లించి చూపించాను, ఏమీ రాలలేదు.

"కింద పిల్లలు తడుస్తున్నారు కదా," అన్నాడు మా ఆయన. ఆ మాట కూడా ఖాళీ డబ్బాకే చెప్పాడు.

అమ్మ చరచరా నిచ్చెన దిగిపోయింది. మా అమ్మ అలా విసురుగా కదిలితే నాకు తుఫాను కంటే భయం. కాసేపటికి కింద దబదబా చప్పుడు. పరుగున దిగి చూస్తే, గడ్డపార పెట్టి తన గుమ్మాన్ని తనే పెకలిస్తోంది. తలుపు అప్పటికే ఊడొచ్చి గోడకి ఆనుకుని ఉంది. గోడ కూలుతుంది, నన్ను చెయ్యనివ్వమ్మా అని వడ్రంగి తాత మొత్తుకుంటున్నా గడ్డపార వదిలితేగా. చివరికి అందరూ తలో చెయ్యి వేశారు. గడపతో సహా మొత్తం లేచొచ్చింది. విరిగిన పడవల మీది తారు గీకి కరిగిద్దామని కొందరు, చిల్లు మూయగానే తాళ్లు కట్టి పడవను దించుదామని కొందరు. తుఫాను తర్వాత మా వీధి మళ్లీ అంత గోలగా వినబడటం అదే మొదలు.

మా ఆయన భుజాన మూటతో నిచ్చెన దిగి వచ్చాడు. ఎదురుగా గోడలో పెద్ద ఖాళీ, అందులోంచి పొయ్యి దాకా కనిపిస్తోంది.

"గుమ్మం లేదు నాయనా. నీ ఒట్టుకేం కాదు. లోపలికి రా, అన్నం తిందువుగాని," అంది అమ్మ, చేతుల దుమ్ము దులుపుకుంటూ.

ఆయన కదల్లేదు. "తలుపు లేకుండా ఎలా పడుకుంటారత్తా?" అన్నాడు. ఇన్నేళ్లలో ఆవిడతో మాట్లాడిన మొదటి మాట అది.

"ఇంతమందిమి ఉన్నాం. దొంగ వచ్చినా వాడికి కాలు పెట్టే చోటుండదు."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆయన మూట నా చేతిలో పెట్టి లోపలికి నడిచాడు, పిల్లల పక్కన కూర్చున్నాడు. అమ్మ వడ్డించింది. వీధి మలుపులో లారీ వచ్చి ఆగి, హారన్ మీద హారన్ కొడుతోంది. మా ఆయన కంచం ముందుకు జరిపి, ఇంకాస్త పెట్టమన్నాడు.