అవతలి చేయి

చిన్న మేస్త్రీ కలప కోసే బ్యాండ్ సా ఆపి, రంపం పట్టీని బొటనవేలితో పక్కకు నొక్కి చూశాడు. బిగువు సరిగానే ఉంది. చక్రాన్ని చేత్తో తిప్పాడు. పట్టీ నడిమధ్యనే నడుస్తోంది. పళ్ళు నిన్ననే పదును పెట్టినవి. అయినా పొద్దుటి నుంచి ప్రతి పలకా చివరికి వచ్చేసరికి గీత వదిలి ఎడమకు జరుగుతోంది. తెగిన పలకలు అవతల నేలమీద అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి.

తల నెరిసినా అతను ఆ మిల్లులో చిన్న మేస్త్రీయే. పెద్ద మేస్త్రీ అతని అన్న. ఇతను ఇవతల నుంచి తోస్తే, అన్న అవతల నిలబడి అందుకుని లాగేవాడు. ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి, ఇతని భార్య పోయింది, యజమానులు మారారు. మధ్యలో ఆ రంపం టేబులు మాత్రం అలాగే ఉంది. కిందటి నెల అన్న నిద్రలో పోయాడు. ఆ తర్వాత మిషను నడవడం ఇవాళే. ఆయన ఎడమచేతి తోలు తొడుగు అవతలి గోడన మేకుకు వేలాడుతోంది.

యజమాని ఒక పలకను కంటి ఎత్తున పట్టుకున్నాడు.

"పలక అడిగితే పామును కోసిచ్చావేంటి మేస్త్రీ?"

"చూస్తున్నానండి."

"సాయంత్రం దాకా చూడు. కుదరకపోతే రేపు పాత ఇనుము వాడొచ్చి మిషను పట్టుకుపోతాడు. నువ్వు కూడా ఇంటిపట్టున ఉందువుగాని."

మధ్యాహ్నం వదిన అన్నం క్యారేజీ తెచ్చింది. వంకర పలకలను చూసి, మేకు వైపు చూసింది.

"మీ అన్నయ్యది ఎడమచేతి వాటం కదా. మంచం కాస్త జరపమంటే అటే ఈడ్చి గోడకు కొట్టేవారు."

అతని చేతిలో ముద్ద ఆగింది.

పలకను ఆనించి తోసే ఇనుప గైడు అన్న బిగించినదే. ఆయన లాగుడు ఎప్పుడూ తన ఎడమకు, అంటే ఇతని కుడికి. ఆ లాగుడుకు సరిపోయేలా గైడును రవ్వంత ఎడమకు తిప్పి బిగించి, పైన రంగు పూశాడు. ఇన్నేళ్ళూ కోత తిన్నగా వచ్చింది అవతల ఆ చేయి ఉండబట్టి.

వదిన వెళ్ళాక స్పానరు తెచ్చి బోల్టుకు తగిలించాడు. అర చుట్టు వదులు చేసి జరిపితే చాలు, గైడు తిన్నగా అవుతుంది, మిషను నిలుస్తుంది. రంగులో అన్న బొటనవేలి ముద్ర కనిపించింది. దాని మీద తన బొటనవేలు ఆనించాడు. తర్వాత స్పానరు తీసి జేబులో వేసుకుని, మిషను ఆన్ చేశాడు.

సగం దూరం తోసేసరికి పలక తేలికైంది. అవతల నుంచి ఎవరో మెల్లగా అందుకున్నట్టు ముందుకు సాగింది. గీత మీదే తెగింది. అతను తలెత్తలేదు.

"కాస్త నిదానం, అన్నా," అన్నాడు, ఎప్పుడూ అనే మాటే.

మరో పలక ఎత్తాడు.

వెలుగు తగ్గేవేళకు యజమాని వచ్చాడు. రంపం ఉత్తినే తిరుగుతోంది. ఇవతల దుంగకు ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చిన్న మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. పిలిచాడు. భుజం తట్టాడు. చల్లగా తగిలింది. వెళ్ళి మిషను ఆపాడు.

బోల్టు మీద రంగు చెదరలేదు. అవతల కొత్త పలకలన్నీ చివరలు కలిపి పేర్చి ఉన్నాయి, ఒక్కటీ వంకర లేదు. గోడన మేకు ఖాళీగా ఉంది. దొంతర మీద ఎడమచేతి తొడుగు బోర్లా పెట్టి ఉంది, వేళ్ళు ఇంకా వంగే ఉన్నాయి, వాటి సందుల్లో పచ్చి రంపపు పొట్టు.