మర్యాద వైద్యం

ఆ ఇంట్లో "మీరు" అనే మాటకి ఒకటే అర్థం. నీకూ నాకూ మాటల్లేవు అని. నాన్న బతికున్న రోజుల్లో అమ్మ మీద కోపమొస్తే "మీరు తిన్నారా?" అనేవాడు. ఇక ఆ పూటంతా పిల్లలు గోడకి అతుక్కుని తిరిగేవాళ్ళు. పెద్దమ్మతో తగువు పడ్డాక అమ్మ ఆవిణ్ణి "మీరు" అనడం మొదలుపెట్టి, ఆవిడ పోయేదాకా మానలేదు.

ఇదేమీ తెలీని మహానుభావుడు అమ్మ సలహాకి వెళ్ళిన కౌన్సెలర్. అడిగితే కదా తెలియడానికి!

చిన్నది మొన్నమొన్నటిదాకా ఆ ఇంటికి చిన్నోడు. తను ఆడపిల్లనని నోరు తెరిచి చెప్పి ఏడాది దాటింది. లాండ్రీలో తనతోపాటు హోటలు దుప్పట్లు మడతపెట్టే ఆవిడ రెండో రోజే "ఏమే, ఆ కొస పట్టుకో" అనేసింది. అమ్మ మాత్రం "ఏరా" అనలేక, "ఏమే" అనడానికి నోరు రాక, "భోజనం పెట్టానని చెప్పవే" అని అక్కతో కబురంపేది, అదీ చిన్నదాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని! చిన్నది కోరిందల్లా ఒకటే, అక్కని పిలిచినట్టు తననీ పిలవాలని. లేదంటే వేరే గది చూసుకుని పోతానంది. ఆ మాటకి బెదిరే అమ్మ కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళింది.

ఆయన బల్ల మీద, ఇలాంటి పిల్లల పక్షమని చాటుకునే ఇంద్రధనుస్సు రంగుల బుల్లి జెండా, గాజుగిన్నెలో పిప్పరమెంట్లు. గదిలో ముక్కు పగిలిపోయే సెంటు. సగం కథ విని తేల్చేశాడు.

"మా దగ్గరికి ఇలాంటివాళ్ళు బోలెడుమంది వస్తారమ్మా. అందరికీ ఇదే చెప్తాను. 'రా' వద్దు, 'వే' వద్దు. 'మీరు' అనండి. మర్యాదకి ఆడామగా తేడా ఉండదు," అని తన మాటకి తనే మురిసిపోయాడు.

అమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచీ ఇంట్లో ఒకటే మర్యాద. "మీరు స్నానం చేశారా? మీకు కూర వెయ్యమంటారా?" అదే నోటితో అక్కని "ఏమే, ఆ గిన్నె తియ్యి!" అనేది. చిన్నదానికి ముద్ద దిగేది కాదు. రోత పుట్టింది. ఆ మాట మీద రోత, దాని వెనక హాయిగా దాక్కున్న అమ్మ మీద రోత. దాక్కోడానికి చోటు చూపించిన ఆ పెద్దమనిషి మీదయితే చెప్పక్కర్లేదు.

మళ్ళీ ఇద్దరూ వెళ్ళినప్పుడు, అమ్మ చెప్పింది విని ఆయన పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. "చూశారా, మీ అమ్మగారు ఎంత ఎదిగారో!" అన్నాడు. అమ్మ బహుమతి అందుకున్న బడిపిల్లలా తల దించుకుంది. చిన్నది కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"ఎదిగింది నా మొహం! మా ఇంట్లో 'మీరు' అంటే ఏంటో ఒక్కసారైనా అడిగారా మీరు? మా అమ్మ నన్ను వెలేసింది, మీరేమో చప్పట్లు కొడుతున్నారు. మీ నవ్వు చూస్తుంటే వాంతొస్తోంది నాకు. ఆ జెండా తీసుకెళ్ళి..."

"నోర్ముయ్యవే!" అమ్మ అరిచింది. "పెద్దాయనతో అలాగేనా మాట్లాడేది? సిగ్గులేదటే నీకు!"

అని, గభాలున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిన్నది కదల్లేదు. అక్కకి రోజూ పడే తిట్టే అది. ఇన్నాళ్ళకి తనకీ పడింది.

కౌన్సెలర్ మొహం మాడిపోయింది. "అయ్యో అమ్మగారూ, ఇన్నాళ్ళ శ్రమంతా మట్టిపాలు చేశారు! ముందు క్షమాపణ చెప్పండి. మళ్ళీ మర్యాదగా అనండి. 'మీరు దయచేసి నెమ్మదించండి.' ఊఁ, అనండి."

అమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. కుళ్ళిన టమాటాలు అంటగట్టబోయిన కొట్టువాణ్ణి అలాగే చూస్తుంది. సంచీ భుజానికి తగిలించుకుని లేచింది.

"మీరు ఊరుకోండి," అంది ఆయనతో.

తర్వాత చిన్నదాని వైపు తిరిగింది. ఈసారి కోపం లేదు, తొందరా లేదు.

"పదవే," అంది. "ఇంటికి పోదాం."