పాఠాల ఫోల్డరు

నేను ఒక కంప్యూటర్‌ని. పేరున్న కంపెనీ పెట్టెను కాదు. ఎక్కడెక్కడో తయారైన విడిభాగాలను కాకినాడలో ఒక మేడమీది గదిలో ఒక్క డబ్బాలో బిగిస్తే తయారయ్యాను. మొదట ఒక ట్రావెల్స్ ఆఫీసులో బస్సు టికెట్లు కొట్టాను. నేను నెమ్మదిస్తే అక్కడివాళ్ళు నా నెత్తిమీద చరిచేవారు. చరిస్తే మనుషులు త్వరపడతారేమో గాని, నేను పడలేదు. చివరికి విసుగొచ్చి, చూపు లేని పిల్లలకు పాఠాలు రికార్డు చేసి ఇచ్చే ఒక చిన్న సంస్థకు నన్ను ఇచ్చేశారు. అక్కడ నాలోని విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ వేశారు. ఒళ్ళు తేలికైంది.

నన్ను నడిపేది ఏసుపాదం. ముప్పై దాటిన మనిషి. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని చెవులతోనే పని చేసేవాడు. పక్క గదిలో భ్రమరాంబ టీచరు. రిటైరయ్యాక రోజూ వచ్చి, మైకు ముందు కూర్చుని పదో తరగతి పుస్తకాలు చదివేవారు. ఆవిడ ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్. చదివినదాన్ని ఆవిడ అక్కణ్ణుంచే, దాన్నీ నన్నూ కలిపే వైరు మీదుగా, నాలో ఉన్న 'పాఠాలు' అనే ఫోల్డరులో వేసేవారు. ఏసుపాదం దాన్ని విని, దగ్గులూ తడబాట్లూ తీసేసి పిల్లలకు పంపేవాడు.

తెలుగు వాచకంలో ఒక పాఠం ఉంది. గోదావరి వరదలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న అక్క కథ. అది చదువుతూ టీచరు గొంతు పూడుకుపోయింది. ఏడుస్తూనే చదివి ముగించారు. పిల్లలకు వెళ్ళిన ప్రతిలో ఆ ఏడుపు లేదు.

"నా గొంతు వణికిన చోటల్లా కోసి పారేశావేంటయ్యా? అది కూడా దగ్గేనా నీకు?" అని గుమ్మంలో నిలబడి అడిగారు ఆవిడ.

"పిల్లలకి పనికొచ్చేలా చేశానండి," అన్నాడు ఏసుపాదం. ఇంకో మాట కలిపి ఉంటే సరిపోయేది. అతను కలపలేదు. ఆవిడా ఆగలేదు.

ఆ వారమే టీచరుగారికి కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. పాతది పేరూ ఊరూ లేని అతిథిలా నాలోకి వచ్చి వెళ్ళేది. కొత్తదానికి అలాంటి రాకపోకలు సమ్మతం కాదు. ఎవరి పేరు మీద వెళ్తున్నారో తేలితేనే కదులుతుంది. ఆవిడ ఫోల్డరు మీద నొక్కగానే తెరమీద ఒక్క ముక్క వచ్చింది: మీకు అనుమతి లేదు.

తెరమీది మాటలు ఎవరో మనిషి అన్నట్టే చదువుకుంటారు మనుషులు. ఆవిడ ఆ ముక్కను ఏసుపాదం గొంతుతో చదువుకున్నారు. ఎవరికీ చెప్పలేదు. చదవడం మాత్రం మానలేదు. చదివినవన్నీ తన ల్యాప్‌టాప్‌లోనే ఉంచుకున్నారు. ఇవతల ఏసుపాదం రోజూ పొద్దున్నే ఫోల్డరు తెరిచేవాడు. కొత్తగా ఏమీ ఉండేది కాదు. "ఇవ్వడం మానేశారన్నమాట," అని గొణుక్కునేవాడు. ఆవిడ గదికి వెళ్ళి అడగడానికి మాత్రం అభిమానం అడ్డొచ్చింది. నడుమనున్న గోడ వీళ్ళు ఊహించుకున్నంత మందమేమీ కాదు.

పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయి. సంస్థ నడిపే హైమావతిగారు ఇద్దర్నీ నా ముందు కూర్చోబెట్టారు.

"సోషల్ పాఠాలు పిల్లలకి ఇంకా వెళ్ళలేదేంటి?"

"టీచరుగారు ఇవ్వట్లేదండి," అన్నాడు ఏసుపాదం.

"నేనివ్వకపోవడమా? నన్ను బయటికి గెంటేసి తాళం వేసింది నువ్వు కాదూ!"

"తాళమా? నేనా?" అతను ఆవిడ గొంతు వచ్చిన వైపు తిరిగాడు. "ఏం కనపడిందో అక్షరం పోకుండా చదవండి టీచరుగారూ."

ఆవిడ వైరుతో సహా ల్యాప్‌టాప్ తెచ్చుకుని, ఫోల్డరు మీద మళ్ళీ నొక్కి, కోపంగానే చదివారు. అతను విని, "ఇది నేనన్న మాట కాదండి. మెషీను మాట," అన్నాడు. హైమావతిగారు నవ్వాపుకుంటూ, "ఇక మీరూ మీరూ చూసుకోండి," అని వెళ్ళిపోయారు.

అప్పుడు మొదలైంది అసలు పని. ఆవిడ తన తెర చదివి చెబుతుంటే అతను నా మీద టైపు చేస్తున్నాడు. వైరు బాగానే ఉంది. ఆవిడ పేరుతో నాలో ఒక ఖాతా తెరిచాడు. అయినా రానివ్వలేదు. ఫోల్డర్లు పంచే సాఫ్ట్‌వేర్ తన పాస్‌వర్డులు తాను వేరే దాచుకుంటుందని అతనికి కాసేపటికి గుర్తొచ్చింది. అక్కడా పెట్టాడు.

"తెరుచుకుందయ్యా!" అన్నారు ఆవిడ. అంతలోనే, "చూడనిస్తోంది గాని, వెయ్యనివ్వట్లేదు."

ఫోల్డరు ఏసుపాదం పేరు మీద ఉంది మరి. ఇద్దరినీ ఒక గుంపుగా చేర్చి, ఆ గుంపుకి రాసే హక్కు ఇచ్చాడు. పాఠం వచ్చి పడింది. తీరా అతను దాన్ని సరిచేసి సేవ్ చెయ్యబోతే నేను ఒప్పుకోలేదు. వేసినది ఆవిడ, కాబట్టి ఆ ఫైలు ఆవిడదే. అతను చదవవచ్చు, మార్చకూడదు.

ఏసుపాదం చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"మీరు వేసినదాని మీద చెయ్యి వెయ్యడానికి నాకు అనుమతి కావాలండి. పెట్టుకోమంటారా?"

టీచరు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "మళ్ళీ కోస్తావా?"

"ఒకటి వినిపిస్తానండి. కోపగించుకోకండి." ఆవిడ ఏడ్చిన పాఠం అసలు ప్రతిని అతను పారెయ్యలేదు. దాన్ని తెరిచి, వేగం పెంచి వినిపించాడు. "పరీక్షలప్పుడు పిల్లలు రెండింతల వేగంలో వింటారండి. నేనూ అంతే వినేవాణ్ణి."

నా స్పీకర్లోంచి భ్రమరాంబ టీచరు గొంతు గబగబా పరుగెత్తింది. తమ్ముడి చెయ్యి జారిపోయిన చోట ఆవిడ వెక్కిళ్ళు కిలకిలమని నవ్వినట్టు వినిపించాయి.

ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. కాదు, నవ్వుతున్నారు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "ఈ మాట ఆ రోజే చెప్పొచ్చుగా!" అన్నారు.

"మీ ఏడుపు నవ్వులా ఉందని మీ ముఖాన ఎలా చెప్పనండి?"

"పెట్టుకో ఆ అనుమతేదో. ఆ పాఠం మళ్ళీ చదువుతాను."

గుంపులో ఎవరు వేసినా ఇద్దరూ మార్చుకునేలా అతను నాకు చెప్పాడు. నాకు చెప్పినట్టు చెయ్యడమే తెలుసు. చేశాను. సోషల్ పాఠాలన్నీ వరసగా వచ్చి పడ్డాయి, పరీక్షలకు ముందే పిల్లలకు చేరాయి. తమ్ముడి పాఠాన్ని టీచరు ఈసారి ఏడవకుండా చదివారు. చెయ్యి జారిన చోట మాత్రం మాట ఆపి, కాసేపు ఊరుకున్నారు. ఏసుపాదం ఆ ఖాళీని ముట్టుకోలేదు.

ఇప్పుడు నా పని వేరే పెట్టె చేస్తోంది. నా డిస్కు అరిగిపోయింది. నన్ను బీరువా పక్కన దించారు, నా మీద పాత పుస్తకాలు పెట్టుకుంటున్నారు. అందుకు నాకేమీ బాధ లేదు. నేను ఇంకా పనిలో ఉన్న ఆ వేసవి సంగతి ఒక్కటి చెప్పి ఊరుకుంటాను.

పరీక్షలయ్యాక సామర్లకోట నుంచి దేవకృప అనే అమ్మాయి వచ్చింది. మా పాఠాలు విని పరీక్ష రాసిన పిల్ల. ఏసుపాదం నవ్వుతూ, "అన్నీ రెండింతల వేగంలోనేనా?" అని అడిగాడు.

"ఇంకా ఎక్కువేనండి. ఆ అక్కాతమ్ముళ్ళ పాఠం దగ్గర మాత్రం తగ్గించేసుకున్నానండి."

"ఏం?"

"ఒకచోట టీచరుగారు ఏమీ మాట్లాడకుండా ఉండిపోయారు కదండీ. అది తొందరగా అయిపోవడం నాకిష్టం లేకపోయిందండి."

పక్క గది గుమ్మంలో భ్రమరాంబ టీచరు నిలబడి వింటున్నారు. ఆ సంగతి ఆ ఇద్దరికీ తెలియదు.