చాంద్‌బీ ఇచ్చిన కిడ్నీ

అది 1985. ఆత్మకూరులో ఆర్టీసీ డ్రైవరు బడే సాహెబ్ కూతురు కరీమున్నీసాకు పదకొండేళ్లు. కిడ్నీలు రెండూ చెడిపోయి, మూత్రం ఆగి, ఒళ్లంతా వాచి, వేలూరు ఆసుపత్రిలో చేరింది. మిషను పెట్టి రక్తం శుభ్రం చేసేవారు. దాహమని ఎంత ఏడ్చినా రోజుకు గ్లాసు నీళ్లే ఇచ్చేవారు.

ఇంకొకరి కిడ్నీ పెడితే పిల్ల కోలుకుంటుందన్నారు డాక్టర్లు. తండ్రికి షుగరు. తల్లి ఖాదర్‌బీ రక్తం కలవలేదు. ఇద్దరూ వరండాలో దిగాలుగా కూర్చుని ఉండగా, ఖాదర్‌బీ తల్లి చాంద్‌బీ దుత్తలూరు నుంచి వచ్చింది.

సంగతి విని, "నాది చూడమనండి" అంది.

"ఈ వయసులో నీకెందుకమ్మా!" అంది ఖాదర్‌బీ.

"వయసుకేమైంది? మొన్నటిదాకా చేలో వేరుశనక్కాయలు పీకినాను. నువ్వు పీకగలవా?"

డాక్టరు వయసు అడిగితే, "యాభై. అంతకంటే ఎక్కువ రాస్తే ఒప్పుకోను" అంది. ఆయన నవ్వేశాడు. పరీక్షలన్నీ చేసి, సరిపోయిందన్నాడు.

ఆపరేషన్ రోజు తల్లి చేయి వదల్లేదు ఖాదర్‌బీ. "నీకోసం దువా చెయ్యాల్నా, బిడ్డ కోసం చెయ్యాల్నా అమ్మా?"

"ఇద్దరికీ చెయ్. నీ నోరేమీ అరిగిపోదు."

తెలివి రాగానే చాంద్‌బీ అడిగిన మొదటి మాట: "పిల్ల ఉచ్చ పోసిందా?"

"సంచీ నిండితే మార్చినాం అవ్వా" అంది నర్సు రెబెకమ్మ.

చాంద్‌బీ కుట్లను చేత్తో అదిమి పట్టుకుని, "మా పిల్ల ఉచ్చ పోసిందంట!" అని వార్డంతా వినబడేలా చెప్పింది. తెలుగు రాని అరవవాళ్లు కూడా నవ్వారు.

కొన్నాళ్లకు డాక్టరు కరీమున్నీసాతో, "ఇక నీళ్లు బాగా తాగాలి" అన్నాడు.

"ఎన్ని గుక్కలు?"

"తాగగలిగినన్ని."

పిల్ల నమ్మలేక తల్లి ముఖం చూసింది. ఖాదర్‌బీ తలూపింది. గ్లాసు ఖాళీ చేసి, "ఇంకా" అని చాపింది కరీమున్నీసా. పిల్ల ముఖమే చూస్తూ తల్లి పోస్తే, సగం నీళ్లు దుప్పటి మీద పడ్డాయి.

ఏడాది తర్వాత కరీమున్నీసా మళ్లీ బడిలో చేరింది, తనకంటే చిన్నపిల్లలతో. కొత్త కిడ్నీ నిలవడానికి వేసుకునే మాత్రల వల్ల బుగ్గలు ఉబ్బితే వాళ్లు "బోండా" అని పిలిచేవారు. "బోండా కాదురా, మైసూరు బోండా" అని దిద్దేది.

సాయంత్రం వీధిలో తొక్కుడు బిళ్ల ఆడుతుంటే ఖాదర్‌బీ గడపలోంచి కేకేసింది.

"మాత్రల టైమయింది, రావే!"

"ఇంకొక్క ఆటమ్మా! నేనే గెలుస్తా ఉండా!"